డెబ్బై

విన్నిపెగ్‌లో ఆ రాత్రి మైనస్ ముప్పై ఒకటి.
ఆస్పత్రి ల్యాబులో మారిసెల్ చేతిలో ఒక గొట్టం,
గొట్టంలో రెండు మిల్లీలీటర్ల
ఏడు నెలల పాప.

పేరు అగానెత ఫ్రీసెన్.
ఊరు వింక్లర్ దాటాక, పొద్దుతిరుగుడు చేల నడుమ,
ఇప్పుడు మంచు తప్ప ఏదీ తల తిప్పని చోట.
నోట్లో తెల్లపూత. రెండు నెలలుగా దగ్గు.
"పాలు తాగలేక నిద్రపోతుంది" అని తల్లి అన్నది
డాక్టరు రాతలో సగమే ఉంది.

లెక్క చూస్తే కణాలకు లోటు లేదు.
ఒక వరుస ఖాళీ, నిజమే,
పక్క వరుస మాత్రం కిక్కిరిసి ఉంది.
అంతమంది ఉండి
ఒక్కరూ లేవరేం?

పుస్తకాలు దీన్ని సైన్యం అంటాయి.
నాకెప్పుడూ అలా తోచలేదు.
కణం గోడలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంటుంది.
పరాయిదేదో దానికి తగిలితే
లోపల ఒక చిన్న ప్రొటీన్ లేచి
ఆ చేతి తోకకు ఫాస్ఫేటు బొట్టు పెడుతుంది.
ఆ బొట్టు చూసి ఇంకొకటి వచ్చి ఆనుకుంటుంది.
దాని పేరు చివర డెబ్బై,
కొట్లో తూకం వేసి బరువునే పేరు పెట్టినట్టు.
దానికీ బొట్టు. అది వెళ్లి పక్కవాళ్లకు బొట్టు.
నా భాషలో పేరంటానికి పిలిచేది ఇలాగే,
ఊరికే నోటిమాటతో అంటే ఎవరూ గడప దాటరు.
ఇంటి నుంచి ఇంటికి, బొట్టు నుంచి బొట్టుకి,
ఎక్కడో లోపలింట్లో
కాల్షియం కుండ భళ్లున ఒలికేదాకా.

మారిసెల్ రంగు కలిపింది,
కాల్షియం కదిలితే మెరిసే రంగు.
చేతిని తట్టే మందు చుక్క వేసింది.
తెర మీద గీత
కిటికీ అవతల గడ్డకట్టిన రెడ్ రివర్‌లా పడుకుంది.
ఒక నిమిషం. మూడు. ఐదు.
పోలిక కోసం పెట్టిన తన సొంత రక్తం
అప్పటికే ఎగిసి, దిగి, అలసిపోయింది.

అప్పుడు రెండో సీసా తీసింది.
ఇది తలుపు తట్టే రకం కాదు,
పెరటి గోడకు కన్నం వేస్తుంది,
మధ్యవాళ్లతో పనే లేదు.

గీత లేచింది.
నిటారుగా, రోషంగా,
నన్నెవరూ పిలవలేదేం అన్నట్టు.

మారిసెల్ గ్లవ్స్ విప్పి కాసేపు ఊరికే కూర్చుంది.
చెయ్యి ఉంది. ఇల్లు మేలుకునే ఉంది.
నడుమ ఒక్క పేరంటాలు రాలేదు,
అంతే.

పొద్దున డాక్టరు బొమ్మ గీసి చెప్పబోయింది.
తండ్రి కొర్నీలియస్ టోపీని మోకాలి మీద తిప్పుతూ విన్నాడు.
"మా తాతల ఊళ్లో ఎవరైనా పోతే
ఒక కాగితం పంపేవారు, ఇళ్ల పేర్లన్నీ రాసి.
మొదటి ఇంటివాడు చదివి రెండో ఇంటికి,
రెండో ఇంటివాడు మూడో ఇంటికి.
ఒకసారి నడిమింటివాడు పొలంలో ఉండిపోయాడు.
సగం ఊరు పనులు చేసుకుంటూనే ఉంది,
సమాధి దగ్గర సగం ఊరే ఉంది.
అదేనా?"
డాక్టరు పెన్ను మూసింది. "అదే."
అతను భార్యతో ప్లౌట్‌డీచ్‌లో ఏదో అన్నాడు.
ఆమె పాప సాక్సు సరిచేసింది.

అన్న దీట్రిఖ్‌కు తొమ్మిదేళ్లు, మజ్జ కలిసింది.
వాడు అడిగింది ఒక్కటే:
నా కణాలు దానిలోకి వెళ్లాక
నా మాట వింటాయా, దాని మాటా?

జూన్‌లో మళ్లీ గొట్టం వచ్చింది.
మారిసెల్‌కు ఆ వారం జలుబు, ముక్కు తుడుచుకుంటూ
మందు చుక్క వేసింది, మొదటి సీసాలోదే.
నిమిషం గడిచింది.
గీత కదలలేదు.
ఆమె రెండో సీసా వైపు చెయ్యి చాచబోయి
ఆగింది.

మెల్లగా, ఒక పక్కకు ఒరిగి,
పిలుపు అందిన మనిషి చెప్పులు వెతుక్కుంటున్నట్టు
గీత లేస్తోంది.

రిపోర్టులో 'స్పందన' అన్న గడిలో
ఆమె రాసింది: ఉంది. కొంచెం ఆలస్యం.